రాత్రి డ్యూటీ మీద రెండు పత్రాలు

2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి. కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో, డ్యూటీలో ఉన్న 31 ఏళ్ల పీజీ డాక్టర్ అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. ఆ ఘోరం జరిగిన వారం తిరిగాక, ఆగస్టు 17న, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘రాత్తిరేర్ సాథీ’ పేరుతో కొన్ని మార్గదర్శకాలు ప్రకటించింది. రాత్రిపూట పనిచేసే ఆడవాళ్లకు, ముఖ్యంగా వైద్య కళాశాలల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు రక్షణ కల్పించడం వాటి ఉద్దేశం. మరో మూడు రోజులకు, ఆగస్టు 20న, సుప్రీంకోర్టు తనంత తానుగా చేపట్టిన కేసులో సుదీర్ఘమైన ఉత్తర్వు ఇచ్చి, వైద్య సిబ్బంది భద్రత మీద జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది.

రెండింటికీ మూలం ఒకే రాత్రి. రెండూ విశ్రాంతి గదుల గురించి మాట్లాడాయి, సీసీ కెమెరాల గురించి మాట్లాడాయి, పోలీసుల గురించి మాట్లాడాయి. పైపైన చూస్తే ఒకదానికి ఇంకొకటి నకలులా ఉంటాయి. పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అంశమూ చదివితే మాత్రం, ఆసుపత్రి అంటే ఏమిటి, అందులో ప్రమాదం ఎక్కడ పుడుతుంది, దాన్ని ఆపాల్సింది ఎవరు అన్న మూడు విషయాల్లోనూ ఇవి రెండు వేర్వేరు చూపులతో రాసినవని తెలిసిపోతుంది. భద్రత పేరుతో వచ్చే ఏ కాగితాన్నైనా నేను ఒక్క ప్రశ్న పెట్టుకుని చదువుతాను. ఇది ఎవరి కదలికకు హద్దు గీస్తోంది? ఆ ప్రశ్నకు ఈ రెండు పత్రాలు చెప్పే జవాబుల్లోనే వాటి తేడా అంతా ఉంది.

ముందు బెంగాల్ పత్రం. అందులో మంచి ఉంది, ఆ మాట మొదట చెప్పాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డితో కలిసిన విశ్రాంతి గదులు కేటాయించాలంది. ప్రతి అంతస్తులోనూ మంచినీళ్లు ఉండాలంది. సిబ్బంది అంతా గుర్తింపు కార్డు కనబడేలా వేసుకోవాలంది. లైంగిక వేధింపుల మీద విచారణ జరిపే కమిటీలు లేనిచోట వెంటనే వేయాలంది. ఇవన్నీ ఏనాడో జరగాల్సిన పనులు. మన దగ్గర ఏ ప్రభుత్వ బోధనాసుపత్రిలోనైనా రాత్రి ఒంటిగంటకు ఒక హౌస్ సర్జన్‌ను ‘బాత్‌రూమ్ ఎక్కడుందమ్మా?’ అని అడిగి చూడండి. తను వెళ్లేది ఏ అంతస్తులో ఉందో, దాని గడియ పడుతుందో లేదో, తోడుగా నర్సును పిలుచుకెళ్లాలో లేదో వరసగా చెప్పుకొస్తుంది. అందుకే మరుగుదొడ్డి ప్రస్తావనను చిన్న విషయంగా తీసిపారేయడానికి లేదు.

ఆ తర్వాతి అంశాల దగ్గరే పత్రం దారి మారింది. రాత్రిపూట ఆడవాళ్లు వీలైనంతవరకు ఇద్దరిద్దరుగానో జట్టుగానో పనిచేసేలా, ఒకరి కదలికలు మరొకరికి తెలిసేలా డ్యూటీలు వేయాలట. అలారం ఉన్న మొబైల్ యాప్‌ను పనిచేసే ఆడవాళ్లంతా తప్పనిసరిగా ఫోన్లో పెట్టుకోవాలట. మహిళా డాక్టర్ల పని 12 గంటలు దాటకూడదట. వీలున్నచోటల్లా ఆడవాళ్లకు రాత్రి డ్యూటీయే లేకుండా చూడాలట.

వీటిని ఒక్కొక్కటిగా ఆసుపత్రి నేల మీద నిలబెట్టి చూద్దాం. రాత్రి డ్యూటీ నుంచి ఆడవాళ్లను తప్పిస్తే లేబర్ రూమ్ ఎవరు చూస్తారు? మన గైనకాలజీ విభాగాల్లో పీజీలు దాదాపుగా అంతా అమ్మాయిలే. కాన్పులు పగలు చూసుకుని రావు. వార్డుల్లో రాత్రంతా మెలకువగా ఉండే నర్సుల్లో అత్యధికులు ఆడవాళ్లే. వైద్య కళాశాలల్లో చేరేవాళ్లలో దాదాపు సగం మంది అమ్మాయిలే. పీజీ శిక్షణలో రాత్రి డ్యూటీ అంటే అదనపు భారం మాత్రమే కాదు, వృత్తిలో సగం చదువు అది. గుండె ఆగిన మనిషిని, ట్రాక్టర్ బోల్తాపడి వచ్చిన నలుగురిని, పురుగుమందు తాగిన పిల్లను పైన ప్రొఫెసర్ లేని వేళ చూసుకోవడం అక్కడే నేర్చుకుంటారు. ఆ అవకాశాన్ని తీసేసి, తీసేసిన దానికి రక్షణ అని పేరు పెట్టడం డాక్టర్‌గా ఆమె ఎదుగుదలకు అడ్డుకట్ట వేయడమే.

పన్నెండు గంటల నియమం దగ్గర నాకు ఇంకా ఎక్కువ అభ్యంతరం ఉంది. ఆ రాత్రి కోల్‌కతాలో చనిపోయిన డాక్టర్ 36 గంటల డ్యూటీలో ఉన్నారని సుప్రీంకోర్టు ఉత్తర్వులోనే రాసి ఉంది. 36 గంటలు ఒక మనిషితో పనిచేయించుకోవడం అన్యాయమైతే అది మగ డాక్టర్‌కూ అన్యాయమే. కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వేయకూడదని, వారానికి 48 గంటలు పని ఉండాలని రాసింది. అందులో ఆడ, మగ తేడా లేదు. ముప్పై రెండేళ్ల తర్వాత వచ్చిన బెంగాల్ పత్రం ఆ నియమాన్ని సగం మందికే ఇచ్చింది. దాని ఫలితం వార్డులో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. యూనిట్‌లో ఆరుగురు పీజీలు ఉంటే, ముగ్గురు అమ్మాయిలు పన్నెండు గంటలకు వెళ్లిపోవాలంటే, మిగతా ముగ్గురి మీద ఆ పని పడుతుంది. మరుసటి ఏడాది ఆ యూనిట్ చీఫ్ మనసులో అమ్మాయిలంటే ఎలాంటి లెక్క మొదలవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా నిద్రలేని మగ డాక్టర్ మాట తూలితే, ఆలస్యం చేస్తే, రోగి తాలూకు వాళ్ల కోపం ఆ పక్కనే నిలబడ్డ నర్సు మీద కూడా పడుతుంది. అలసట ఒకరిది, దెబ్బ మరొకరిది అయ్యే చోటు ఆసుపత్రి.

యాప్ సంగతి. ఆపరేషన్ థియేటర్‌లో గౌను, గ్లవ్స్ వేసుకున్న మనిషి చేతిలో ఫోన్ ఉండదు. లేబర్ రూమ్‌లో బిడ్డ తల కనబడుతున్నప్పుడు ఉండదు. ఒకరోజున్నర నిలువుకాళ్ల మీద నిలబడి కన్నుమూసిన మనిషి మీదకు ఎవరైనా వస్తే అలారం నొక్కడానికి ఆమె మెలకువగా ఉండదు. ఏ నేరం కారణంగా ఈ పత్రం పుట్టిందో ఆ నేరంలోనే ఈ యాప్ అక్కరకు వచ్చేది కాదు.

ఇలా బెంగాల్ పత్రం హద్దు గీసింది దాడికి గురయ్యే మనిషి చుట్టూ. ఆమె ఎన్ని గంటలుండాలి, ఎవరితో నడవాలి, ఫోన్లో ఏం పెట్టుకోవాలి, ఏ వేళకు ఇంటికి చేరాలి అన్నది రాసింది. సెప్టెంబరు 17న ఈ కేసు మళ్లీ విచారణకు వచ్చినప్పుడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం సరిగ్గా ఈ రెండు అంశాలనే, అంటే రాత్రి డ్యూటీ తప్పించడాన్నీ, ఆడవాళ్లకు మాత్రమే గంటలు కుదించడాన్నీ తప్పుపట్టింది. విమానాలు నడిపేవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు రాత్రి పనిచేయడం లేదా అని అడిగింది. రక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని, ఆడవాళ్లు రాత్రి పనిచేయకూడదనడం కుదరదని చెప్పింది. ఆ అంశాలను సవరిస్తామని రాష్ట్రం ఒప్పుకుంది. ఆ దిద్దుబాటు వచ్చినందుకు సంతోషమే. కానీ ఆ వాక్యాలు అసలు మొదటి ప్రతిలో ఎలా చోటుచేసుకున్నాయన్న దిగులు మాత్రం పోదు. ఆడపిల్ల బయటికి వెళ్తే కదా ప్రమాదం అని ఇళ్లలో పెద్దవాళ్లు అనుకునే మాటే ప్రభుత్వ భాష తొడుక్కుని బయటికి వచ్చింది.

ఇక సుప్రీంకోర్టు ఉత్తర్వు. దీని చూపు మొదటి నుంచీ వేరు. ఆసుపత్రుల్లో ఏం లేవో అది వరసగా చెప్పింది. రాత్రి డ్యూటీ వాళ్లకు సరైన విశ్రాంతి గదులు లేవు. ఆడ, మగలకు విడివిడి గదులు లేవు. మరుగుదొడ్లు ఒక్కో విభాగానికి ఒకటే. హాస్టళ్లు దూరం, రవాణా లేదు. కెమెరాలు లేవు, ఉన్నవి పనిచేయవు. రోగుల వెంట వచ్చేవాళ్లు ఎక్కడికైనా వెళ్లగలరు. ఆయుధాల తనిఖీ లేదు. వెలుతురు చాలదు. ఒక సంస్థ చేయాల్సిన పని చేయలేదని చెప్పే వాక్యాలివి. ‘ఆమె జాగ్రత్త పడాలి’ అనే అర్థం వచ్చే మాట ఈ జాబితాలో లేదు. మహిళా డాక్టర్లను రోగుల బంధువులు ఎక్కువగా ఎదిరించడం వెనక పితృస్వామ్య ధోరణి ఉందని కూడా ఉత్తర్వు మొహమాటం లేకుండా రాసింది.

పరిష్కారాలూ ఆ దారిలోనే ఉన్నాయి. ప్రతి విభాగంలో డాక్టర్లకు, నర్సులకు ఆడ, మగ విడివిడిగా గాలి వచ్చే, మంచాలూ మంచినీళ్లూ ఉన్న గదులుండాలని, అందులోకి ఎవరు పడితే వాళ్లు రాకుండా తలుపు దగ్గర యంత్రం ఉండాలని సూచించింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా హాస్టల్‌కు వాహనం నడపాలంది. అత్యవసర విభాగంలో రద్దీని తీవ్రతను బట్టి విడదీసి, గొడవలకు ఎక్కువ ఆస్కారమున్న చోట్ల అదనపు భద్రత పెట్టాలంది. దుఃఖంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో సిబ్బందికి నేర్పాలంది. మూడు నెలలకోసారి భద్రతా తనిఖీ జరపాలంది. వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి వంటి వైద్యులు ఉన్న బృందానికి ఇదంతా అప్పగించింది. ఇక్కడ హద్దు గీసింది తిరిగేవాడి చుట్టూ, వచ్చేవాడి చుట్టూ. డ్యూటీలో ఉన్న మనిషి తన పని తాను చేసుకుంటుంది. ఈ ఒక్క కారణానికే రెండు పత్రాల్లో ఇది ఎంతో మెరుగైనదని నా అభిప్రాయం.

అలాగని ఈ ఉత్తర్వును తలకెత్తుకుని ఊరుకోలేను. ఇందులో నాకు బాగా కొరవగా కనిపించేది రోగి వెంట వచ్చే మనుషుల గురించిన ఆలోచన. ఒక్కో రోగికి ఇంతమందే అని పరిమితి పెట్టాలన్నది సూచన. కాగితం మీద చూస్తే అది సబబే. ఇప్పుడు ఏ జిల్లా కేంద్రంలోనైనా బోధనాసుపత్రి క్యాజువాలిటీ ముందు అర్ధరాత్రి అరగంట నిలబడండి. ఆటోలోంచి దింపిన మనిషిని స్ట్రెచర్ మీదకు ఎక్కించేది తమ్ముడు, బావమరిది. స్ట్రెచర్ తోసేదీ వాళ్లే. సెలైన్ సీసా పట్టుకుని పక్కన నడిచేది భార్య. రక్తం కావాలంటే బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తేది పక్కింటి కుర్రాడు. సీటీ స్కాన్ దగ్గర వరసలో నిలబడేది ఇంకొకడు. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో కార్డు పట్టుకుని, ‘అన్నా, మా నంబరు ఎక్కిందా?’ అని అడుగుతూ ఉండేది మరొకడు. బయట మందుల షాపు నుంచి కాన్యులా, గ్లవ్స్ కొనుక్కొచ్చేవాడు వేరే. ఒక రోగికి ఏడుగురు. వీళ్లలో వేడుక చూడ్డానికి వచ్చినవాళ్లు లేరు. వార్డు బాయ్, ఆయా, ల్యాబ్ మనిషి చేయాల్సిన పనులు వీళ్లు చేస్తున్నారు.

ఈ మనుషుల్ని గేటు బయట ఆపితే స్ట్రెచర్ ఎవరు తోస్తారు? వార్డు బాయ్‌ల ఖాళీలు నింపకుండా సందర్శకుల సంఖ్య తగ్గిస్తే, ఆ స్ట్రెచర్ నడవాలోనే ఆగుతుంది. ఆగిన స్ట్రెచర్ మీద మనిషి చనిపోతే, గేటు బయట ఆగిపోయిన తమ్ముడు గేటు తోసుకుని లోపలికి వస్తాడు. అప్పుడతను డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ కాలర్ పట్టుకుంటాడు. అది తప్పే, నేరమే. కానీ ఆ నేరానికి దారి తీసిన కొరత మాత్రం ఆ హౌస్ సర్జన్ చేసింది కాదు. గుంపును అదుపు చేయడం గురించి అంత వివరంగా రాసిన ఉత్తర్వు, ఆ గుంపు అక్కడ ఎందుకు ఉండాల్సి వస్తోందో కూడా అంతే గట్టిగా అడిగి ఉండాల్సింది. రోగి తాలూకు వాళ్లను ముప్పుగా మాత్రమే చూసే పత్రం ఆసుపత్రిని సగమే చూసినట్టు.

రెండో లోపం తలుపు దగ్గరి యంత్రం మీద పెట్టుకున్న నమ్మకం. ఆర్.జి. కర్ కేసులో 2025 జనవరి 18న దోషిగా తేలిన వ్యక్తి, గోడ దూకి వచ్చినవాడు కాదు. కోల్‌కతా పోలీసులకు అనుబంధంగా పనిచేసే సివిక్ వాలంటీర్. ఆసుపత్రిలో ఎక్కడికైనా వెళ్లగలిగే చనువు అతనికి ఆ పని వల్లే దొరికింది. అతన్ని ఎవరూ ఆపలేదు, ఆపాల్సినవాళ్ల మనిషే కాబట్టి. జనవరి 20న సియాల్దా కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. సీసీ కెమెరా అతను లోపలికి వెళ్లడాన్ని చూపింది, దర్యాప్తుకు పనికొచ్చింది. ఆ రాత్రి అతన్ని ఆపడానికి మాత్రం పనికి రాలేదు.

ఆ రాత్రి నుంచి యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే, 1973 నవంబరు 27న ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఒక నర్సు మీద దాడి చేసినవాడు కూడా అక్కడ పనిచేసే స్వీపరే. ఆమె అప్పుడు ఆసుపత్రి నేలమాళిగలో బట్టలు మార్చుకుంటున్నారు. ఆ తర్వాత 2015 మే 18న చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, అదే ఆసుపత్రి మంచం మీద ఉండిపోయారు. దాడి చేసినవాడికి హత్యాయత్నం, దోపిడీ నేరాల కింద ఏడేళ్ల శిక్ష పడింది. 2024 విచారణలో సుప్రీంకోర్టు ఈ కేసును గుర్తు చేసింది. రెండు ఘటనల్నీ పక్కన పెట్టి చూడండి. ఒకరు బట్టలు మార్చుకోవడానికి చోటు లేక నేలమాళిగకు వెళ్లారు. ఒకరు నడుం వాల్చడానికి చోటు లేక సెమినార్ హాలుకు వెళ్లారు. ఇద్దరి మీదా దాడి చేసినవాళ్లు ఆ ఆవరణలో తిరగడానికి అనుమతి ఉన్నవాళ్లు. గేటు దగ్గర సంచులు వెతికే ఏర్పాటు ఈ ఇద్దరిలో ఎవర్ని ఆపి ఉండేది? గది ఉండి ఉంటే మాత్రం కథ వేరుగా ఉండే అవకాశం ఉంది.

ఈ విషయంలో బెంగాల్ పత్రం మరీ బలహీనం. రాత్రి భద్రతకు కొత్తగా కాంట్రాక్టు మనుషుల్ని, వారం రోజుల శిక్షణతో పెడతామన్న ఆలోచన మీద సెప్టెంబరు విచారణలో ధర్మాసనం ఆందోళన వెలిబుచ్చింది. నిందితుడే ఒక వాలంటీర్ అయిన కేసు తర్వాత, అదే తీరు నియామకాలు ఇంకొన్ని చేయడాన్ని నివారణ అనలేం. సుప్రీంకోర్టు ఉత్తర్వు ఈ గుంతలో పడలేదు, నిజమే. ఆర్.జి. కర్‌కు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళాన్ని పంపింది. ఆగస్టు 14 అర్ధరాత్రి వందలాది మంది లోపలికి చొరబడి అత్యవసర విభాగాన్ని ధ్వంసం చేశాక అది తప్పలేదు కూడా. అయితే దేశంలో ఏడు వందలకు పైగా వైద్య కళాశాలలున్నాయి. వాటన్నిటి గేట్ల దగ్గరా కేంద్ర బలగాలు నిలబడవు. లోపల పనిచేసే సెక్యూరిటీ గార్డు ఎవరి జీతం తీసుకుంటున్నాడు, ఎవరికి జవాబుదారీ, అతని వెనక ఏ కేసులున్నాయో ఎవరు చూశారు అన్న ప్రశ్నలు ప్రతి ఆసుపత్రీ తనకు తాను వేసుకోవాలి.

ఈ ఉత్తర్వు ఇచ్చిన నాలుగు రోజులకే తిరుపతిలో జరిగింది చూస్తే దాని మరో ఖాళీ తెలుస్తుంది. 2024 ఆగస్టు 24న స్విమ్స్‌లో, అంటే వైద్య విశ్వవిద్యాలయమే అయిన ఆసుపత్రిలో, అత్యవసర వార్డులో ఉన్న ఒక రోగి హఠాత్తుగా లేచి మహిళా హౌస్ సర్జన్ జుట్టు పట్టుకుని ఆమె తలను మంచం ఇనుప చట్రానికేసి కొట్టాడు. పక్కనున్న తోటి డాక్టర్లు పరిగెత్తుకొచ్చి విడిపించారు. సీసీ కెమెరాలో మొత్తం రికార్డైంది. జూనియర్ డాక్టర్లు (జూడాలు) ఆందోళనకు దిగారు. ఇక్కడ దాడి చేసింది గేటు దాటి వచ్చిన గుంపు కాదు, మంచం మీదున్న రోగి. రోగి మీద పరిమితి పెట్టలేం. అతని దగ్గర ఉండాల్సింది తెలివితప్పిన మనిషిని, మత్తులో ఉన్న మనిషిని, మూర్ఛ నుంచి లేచిన మనిషిని గాయపరచకుండా పట్టుకోవడం నేర్చిన ఇద్దరు వార్డు సహాయకులు. ఆ నేర్పు లాఠీ పట్టుకున్న గార్డుకు రాదు, కెమెరాకు అసలే రాదు. ఉత్తర్వులో శిక్షణ ప్రస్తావన ఉంది. కానీ అది ఎక్కువగా దుఃఖంలో ఉన్న బంధువుల గురించి. అదుపు తప్పిన రోగి గురించి అంత శ్రద్ధ కనిపించదు.

పోలీసు కాపలా కూడా దీనికి జవాబు కాదు. కేరళలోని కొల్లం జిల్లా కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో 2023 మే 10న ఒక హౌస్ సర్జన్‌ను పొడిచి చంపినవాడిని చికిత్స కోసం తీసుకొచ్చింది పోలీసులే. పొడిచింది కట్లు కట్టే చోట దొరికిన కత్తెరతో. అంటే ఖాకీ దుస్తులు పక్కనే ఉన్నా ఆ ప్రాణం దక్కలేదు. ఆ నెలలోనే కేరళ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అని శిక్ష పెంచింది. దర్యాప్తు 60 రోజుల్లో ముగించాలంది. శిక్షలు ఉండాలి, త్వరగా పడాలి. కానీ శిక్ష పని మొదలయ్యేది దెబ్బ తగిలాక.

రెండు పత్రాల్లోనూ నాకు దొరకని వస్తువు ఒకటుంది. చిన్న ఘటనల లెక్క. సుప్రీంకోర్టు రాష్ట్రాల నుంచి పట్టిక కోరింది. ఎంతమంది గార్డులున్నారు, ఎన్ని విశ్రాంతి గదులున్నాయి, ఆసుపత్రిలో అన్ని చోట్లకూ జనం వెళ్లగలరా, కెమెరాలున్నాయా, పోలీసు పోస్టు ఉందా అని అడిగింది. మంచి ప్రశ్నలే, అయితే వాటి బరువంతా ఉన్న సదుపాయాల మీద పడింది. అసలు ఏం జరుగుతోందన్న వైపు అంత బరువు లేదు. గత నెలలో ఎవరు ఎవర్ని తోశారు, ఏ వార్డులో, ఏ వేళ, ఏ కారణానికి? డ్యూటీ రూమ్ తలుపు ఎవరు తట్టారు? ఎవరు ఫిర్యాదు చేశారు, ఆ ఫిర్యాదు ఎక్కడ ఆగింది? పెద్ద నేరానికి ముందు ఇలాంటి చిన్న సంగతులు ఉంటాయని ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. అవి నోటిమాటగా, ‘ఆ మనిషితో జాగ్రత్తే’ అని సీనియర్ జూనియర్‌కు చెప్పే హెచ్చరికగా మిగిలిపోతాయి.

అమెరికాలో దీనికి చట్టం ఉంది. 1986లో లీహై విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో ఒక విద్యార్థిని హత్యకు గురయ్యాక, ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో వచ్చిన చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ ఆవరణల్లో జరిగిన నేరాల లెక్కను ఏటా బయటపెట్టాలి. రోజువారీ నేరాల చిట్టా కూడా జనానికి అందుబాటులో ఉంచాలి. వైద్య కళాశాలలున్న ఆవరణలూ అందులోకే వస్తాయి. కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో అడుగు వేసి, ఆసుపత్రులు ప్రతి దాడి ఘటననూ చిట్టాలో రాయాలని, నివారణ ప్రణాళికను సిబ్బందితో కలిసి తయారుచేయాలని నియమం పెట్టింది. అక్కడ దాడులు ఆగిపోయాయని నేను అనడం లేదు. ఏ వార్డులో ఏం జరుగుతోందో దాచిపెట్టే వీలు మాత్రం తగ్గింది. మన దగ్గర ఆసుపత్రి పేరు చెడుతుందన్న భయంతో సూపరింటెండెంట్ గదిలోనే మాట తేల్చేయడం ఎక్కువ. 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య శాఖ, దాడి జరిగిన ఆరు గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ నమోదు చేయించే బాధ్యత సంస్థ అధిపతిదే అని పంపిన ఆదేశం నాకు ఈ రెండు పత్రాల కన్నా ఒక విషయంలో సూటిగా అనిపించింది. అది ఒక కుర్చీని, ఒక గడువును పేర్కొంది.

తెలుగు పాఠకులకు ఈ చర్చ దూరం కాదు. వైద్య సిబ్బంది మీద దాడులకు ప్రత్యేక చట్టం చేసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరసలో ఉంది. 2008 చట్టం దాడికి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా అంది. బెయిల్ దొరకని నేరమంది. పగలగొట్టిన పరికరాల విలువకు రెట్టింపు కట్టించాలంది. తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. దాన్ని పై రెండు పత్రాల పక్కన పెడితే, అది ఎవరి కదలికకూ ముందుగా హద్దు గీయదు. గది గురించి, తలుపు గురించి, గంటల గురించి ఒక్క మాట కూడా అనదు. దాడి చేసినవాడు ఏం కట్టాలో చెప్పే చట్టం, ఆసుపత్రి నడిపేవాళ్లు ఏం కట్టివ్వాలో చెప్పలేదు. 2020 జూన్‌లో కోవిడ్ రోగి చనిపోయాక గాంధీ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ల మీద దాడి జరిగి జూడాలు రోడ్డు మీద కూర్చున్నప్పుడు ఆ చట్టానికి పన్నెండేళ్లు.

2024 నవంబరులో జాతీయ టాస్క్‌ఫోర్స్ తన నివేదిక ఇచ్చింది. ప్రత్యేక కేంద్ర చట్టం అక్కర్లేదని, చిన్న నేరాలకు రాష్ట్రాల చట్టాలు, పెద్ద నేరాలకు భారతీయ న్యాయ సంహిత సరిపోతాయని చెప్పింది. జూడాల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నది కేంద్ర చట్టమే కాబట్టి వాళ్లకు ఆ మాట నచ్చకపోవడం సహజం. నాకు మాత్రం అందులో ఇంకో అర్థం కనిపిస్తోంది. బంతి రాష్ట్రాల దగ్గరే ఉందని ఆ నివేదిక చెప్పింది. అలాంటప్పుడు అమరావతి, హైదరాబాద్ శాసనసభలు ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. 2008 చట్టానికి సవరణ తెచ్చి, ప్రతి విభాగంలో గడియ పడే విశ్రాంతి గది, దానికి మరుగుదొడ్డి ఉండటాన్ని చట్టబద్ధం చేయొచ్చు. ఆడ, మగ తేడా లేకుండా 1992 నాటి పన్నెండు గంటల పరిమితిని అందులో రాయొచ్చు. దాడుల చిట్టాను మూడు నెలలకోసారి ఆసుపత్రి గోడ మీద అతికించమనొచ్చు. రోగికి ఇద్దరే సహాయకులన్న నియమం పెట్టే ముందు స్ట్రెచర్ తోసే వార్డు సహాయకుల ఖాళీలు నింపాలని షరతు పెట్టొచ్చు. వీటిలో ఏది జరగకపోయినా జవాబు చెప్పాల్సింది ఏ అధికారో ఆ సెక్షన్‌లోనే హోదాతో సహా రాయాలి.